చింతూరులో వాన లేకపోయినా శబరి ఎందుకు పెరుగుతోంది? అసలు ఈ నది ఎటునుంచి వస్తుంది?

తూర్పుతీరం (ప్రశ్న):

అందరికీ నమస్తే అండి. మాది కాకినాడ. మా తమ్ముడికి ఈమధ్యే చింతూరులో పోస్టింగ్ పడింది, నదికి దగ్గర్లోనే రూమ్ తీసుకున్నాడు. మొన్న ఫోన్ చేసి "అక్కా, ఇక్కడ చుక్క వాన లేదు, ఎండ కాస్తోంది, అయినా శబరి పెరుగుతూనే ఉంది, పైగా వాగుల్లో నీళ్లు వెనక్కి వస్తున్నాయి" అన్నాడు. నాకైతే అర్థం కాలేదు. వాగు నీళ్లు నదిలోకి పోవాలి గానీ నది నీళ్లు వాగులోకి రావడం ఏంటండి? వాళ్ల ఆఫీసులో ఒకాయన పైన డ్యాము గేట్లు ఎత్తేశారు అంటాడట, ఇంకొకాయన అదేం కాదు గోదావరి ఎగదన్నింది అంటాడట, మావాడికి ఎవరి మాట నమ్మాలో తెలీక ఒకటే కంగారు.

మాకు చిన్నప్పట్నుంచీ గోదావరి అంటే ధవళేశ్వరం, యానాం అంతే. ఉపనదులు స్కూల్లో బట్టీ పట్టాం, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అని, పరీక్ష అయ్యాక మర్చిపోయాం. ఇప్పుడు మ్యాప్ తీసి చూస్తే ఒకచోట కొలాబ్ అని, ఒకచోట శబరి అని, పక్కన సీలేరు, మాచ్‌ఖండ్, మధ్యలో ఒడిశా, ఛత్తీస్‌గఢ్ బోర్డర్లు, ఏది ఎందులో కలుస్తుందో ఎంత చూసినా అంతు పట్టలేదు. ఆ ఏరియా తెలిసినవాళ్లు ఎవరైనా మొదట్నుంచీ చెప్తారా ప్లీజ్. నాకు తీరిగ్గా చదివే ఓపిక ఉంది, పెద్దగా రాసినా పర్లేదు.

కొండదారి:

తూర్పుతీరం గారూ, మీ తమ్ముడి ఆఫీసులో ఇద్దరూ చెప్పింది నిజమేనండి. ఒక్కోసారి ఇది, ఒక్కోసారి అది, చెడ్డ రోజుల్లో రెండూ కలిసి వస్తాయి. నేను క్లాసులో జాగ్రఫీ పాఠాలు చెప్తాను, ఈ నది అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, కాబట్టి పైనుంచే మొదలుపెడతాను.

కొలాబ్, శబరి రెండూ ఒకటే నది. ఒడిశాలో కొలాబ్ అంటారు, మన దగ్గరికి వచ్చేసరికి శబరి. కోరాపుట్ జిల్లా సింకారం కొండల్లో సుమారు 1,370 మీటర్ల ఎత్తులో పుడుతుంది. తూర్పు కనుమల్లో అది బాగా ఎత్తైన భాగం, ఒడిశాలో అన్నిటికన్నా పెద్ద శిఖరం దేవమాలి (1,672 మీటర్లు) కూడా ఆ జిల్లాలోదే. ఇక్కడ ఒక విషయం గమనించండి. అక్కణ్నుంచి తూర్పుకి చూస్తే సముద్రం ఏమంత దూరం కాదు, నాగావళి, వంశధార, చంపావతి, గోస్తని అన్నీ ఆ కనుమల వరస నుంచే తూర్పుకి దిగి నేరుగా బంగాళాఖాతంలో కలిసిపోతాయి. శబరి మాత్రం సముద్రానికి వీపు పెట్టి పడమటికి నడుస్తుంది. కనుమల తూర్పు అంచు గోడలా ఎత్తుగా ఉండి, లోపలి పీఠభూమి పడమటికి వాలుగా ఉండటమే కారణం. అందుకని దగ్గర్లో ఉన్న సముద్రాన్ని వదిలేసి, సుమారు 418 కిలోమీటర్లు తిరిగి, గోదావరిలో కలిసి, దానితోపాటు మళ్లీ అదే సముద్రానికి వస్తుంది.

పడమటికి అన్నానని ఒకే వాలు మీద జారుకుంటూ వస్తుంది అనుకోకండి, మెట్లు మెట్లుగా దిగుతుంది. కోరాపుట్ పీఠభూమి సుమారు 900 మీటర్ల ఎత్తు, దాని అంచున జయపురం వైపు దిగితే 600 చిల్లర, ఆ దిగే చోటే అప్పర్ కొలాబ్ డ్యామ్ కట్టి 320 మెగావాట్ల కరెంటు తీస్తున్నారు. జయపురం దాటాక ఛత్తీస్‌గఢ్ అంచుకి చేరి అక్కడ దక్షిణానికి మళ్లుతుంది. ఆ తర్వాత దాదాపు 200 కిలోమీటర్లు ఈ నదే రెండు రాష్ట్రాలకీ సరిహద్దు, ఎడమ గట్టు ఒడిశా, కుడి గట్టు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్. సుక్మా టౌన్ దీని ఒడ్డునే ఉంది. అలా మల్కన్‌గిరి మైదానం పక్కనుంచి కుంట దాకా వస్తుంది. కుంట ఛత్తీస్‌గఢ్‌లో ఆఖరి ఊరు, ఎదురుగట్టున మోటు ఒడిశాలో ఆఖరి ఊరు, అక్కడే సీలేరు వచ్చి కలుస్తుంది, అది దాటితే మన ఆంధ్ర. మూడు రాష్ట్రాల హద్దులు ఒక్క నీటి దగ్గర కలిసే చోటు అది. ఆ తర్వాత చింతూరు, ఆ తర్వాత కూనవరం దగ్గర గోదావరి.

ఇప్పుడు మీ ప్రశ్నకి కావాల్సింది ఇక్కడుంది. 1,370 మీటర్ల నుంచి బయల్దేరిన నది ఆ ఎత్తంతా పైనే దిగేసింది. చింతూరు వచ్చేసరికి సముద్రమట్టం నుంచి కొన్ని పదుల మీటర్లే మిగులుతుంది, అక్కణ్నుంచి కూనవరం దాకా దాదాపు చదునే. చదునుగా ఉన్న చోట నదికి తోసుకుపోయే బలం తక్కువ. ఎదురుగా గోదావరి మట్టం తనకన్నా ఎత్తులో ఉంటే శబరి ఆగిపోతుంది, అంతకంటే పెరిగితే గోదావరి నీళ్లే శబరిలోకి ఎక్కుతాయి. వాగులు వెనక్కి రావడం దాని తర్వాతి అంకం, శబరి నిలబడిపోతే శబరిలో కలవాల్సిన వాగు ఎక్కడికి పోతుంది చెప్పండి.

వాన సంగతి కూడా చెప్పేస్తాను. శబరి పరివాహకం 20,427 చదరపు కిలోమీటర్లు. మొత్తం గోదావరి బేసిన్ 3,12,812 చదరపు కిలోమీటర్లు కాబట్టి ఆరున్నర శాతం. చూడ్డానికి చిన్నదే, కానీ నైరుతి రుతుపవనాలకి, బంగాళాఖాతం అల్పపీడనాలకి ఈ కొండలు నేరుగా తగులుతాయి, కరువు పట్టే మహారాష్ట్రలోని మరాఠ్వాడా లాంటి చోట్లు గోదావరి బేసిన్‌లో ఎన్నో ఉన్నాయి గానీ ఇక్కడ వాన ఎప్పుడూ గట్టిగానే పడుతుంది. కోరాపుట్‌లోనో మల్కన్‌గిరిలోనో రాత్రంతా కురిస్తే చింతూరులో ఎండ కాస్తున్నా నది పెరుగుతుంది. మీ తమ్ముడు చూసింది అదీ కావచ్చు.

మోతుగూడెం_క్వార్టర్స్:

కొండదారి గారు శబరి బాగా చెప్పారు, సీలేరు గురించి నేను చెప్తానండి. మా నాన్న పవర్ హౌస్‌లో పనిచేశారు, మేం క్వార్టర్స్‌లోనే పెరిగాం, ఈ నది లెవెల్స్ ఇంట్లో రోజూ వినే మాటలు.

మ్యాప్‌లో మీకు గందరగోళం ఎందుకొచ్చిందంటే మాచ్‌ఖండ్, సీలేరు కూడా ఒకటే నదండి. పైన మాచ్‌ఖండ్, కింద సీలేరు. ఇది పుట్టేది మన విశాఖ మన్యంలో, మాడుగుల కొండల్లో. పాడేరు, పెదబయలు వైపు వెళ్లినవాళ్లు మత్స్యగెడ్డ చూసే ఉంటారు, ఆ నీళ్లే ఇవి. అరకు పక్కన అనంతగిరిలో పడిన వాన గోస్తనిలో పడి బొర్రా గుహల కింద నుంచి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది, అక్కడికి కొద్ది దూరంలో పాడేరులో పడిన వాన మాత్రం మత్స్యగెడ్డ, మాచ్‌ఖండ్, సీలేరు, శబరి, గోదావరి అని ఇన్ని పేర్లు మారి కోనసీమ దాకా వస్తుంది. చిన్నప్పుడు మా నాన్న ఇది చెప్తే నమ్మబుద్ధయ్యేది కాదు.

ఇది ముందు ఉత్తరానికి పోతుంది. ఆంధ్రా ఒడిశా బోర్డర్‌లో జోలాపుట్ డ్యామ్, దాని కింద డుడుమ జలపాతం, 500 అడుగులకి పైనుంచి ఒక్కసారిగా పడుతుంది. ఆ పడే నీటినే మళ్లించి మాచ్‌ఖండ్ పవర్ హౌస్ పెట్టారు, 1955లో మొదలైంది, 120 మెగావాట్లు, రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు. అక్కణ్నుంచి నైరుతికి మళ్లి బలిమెల రిజర్వాయర్. బలిమెల నీళ్లు ఒడిశాకి సగం, మనకి సగం. ఒడిశా తన సగాన్ని కొండ అవతలికి తీసుకెళ్లి 510 మెగావాట్ల పవర్ హౌస్‌లో తిప్పి పొట్టేరు వైపు మల్కన్‌గిరి పొలాలకి వదులుతుంది. మన సగం నది దారినే కిందకొచ్చి ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, పొల్లూరులో 460 మెగావాట్లు. ఒకే నీటిని పవర్ హౌస్ తర్వాత పవర్ హౌస్‌లో వాడుకోవడం అన్నమాట, దేశంలో ఇంత చవగ్గా కరెంటు వచ్చే చోట్లు తక్కువ.

లెవెల్స్ అన్నాను కదా, పేపర్లో వానాకాలం రోజూ వచ్చేవి, ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. పూర్తి మట్టాలు ఫీట్లలో జోలాపుట్ 2750, బలిమెల 1516, సీలేరు గుంటవాడ 1360, డొంకరాయి 1037. ఈ నాలుగు నంబర్లు వరసగా చూస్తే నది ఎంత నిటారుగా దిగుతోందో మ్యాప్ లేకుండానే తెలిసిపోతుంది.

ఇక గేట్లు ఎత్తడం గురించి. పై రిజర్వాయర్లు పెద్దవి, సీజన్ మొదట్లో ఖాళీగా ఉంటాయి కాబట్టి జూన్, జూలైలో వాన పడినా చాలావరకు పట్టేసుకుంటాయి. ఆగస్టు, సెప్టెంబరుకి నిండిపోతాయి, అప్పుడు గట్టి వాన పడితే పట్టుకునే చోటుండదు, గేట్లు ఎత్తాల్సిందే. డొంకరాయి చిన్నది, అది ఇంకా తొందరగా నిండుతుంది. డొంకరాయి గేట్లు ఎత్తారంటే ఆ నీళ్లు సీలేరులోంచి మోటు దగ్గర శబరిలో పడి చింతూరు మీదుగానే పోవాలి, వేరే దారి లేదు. అందుకే ఎత్తే ముందు కింద మండలాలకి మెసేజ్ పెడతారు. మీ తమ్ముడి ఆఫీసులో గేట్లు అన్నాయన ఊరికే అనలేదు, సీజన్ చివర్లో ఐతే ముందు చూడాల్సింది అదే.

రేఖపల్లి_వాడు:

మాది వీఆర్ పురం మండలం అండి, శబరి ఇటు, గోదావరి అటు, రెండిటి మధ్యలో మా ఊళ్లు. పై ఇద్దరూ చెప్పింది కరెక్టే, కానీ మాకు వరదంటే మొదట గుర్తొచ్చేది గేట్లు కాదు, గోదావరి. మా దగ్గర ఏ ముసలాయన్ని అడిగినా ముందు "భద్రాచలంలో ఎన్ని అడుగులు" అంటాడు, తర్వాతే వాన సంగతి. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మాకు రెండోది దాటుతుంటేనే సామాన్లు కట్టడం మొదలవుతుంది, మూడోదాకా ఎవరూ ఆగరు.

1986 ఆగస్టులో భద్రాచలం 75.6 అడుగులు, అది మా నాన్నలు చెప్తారు. 2022 జూలైలో 71.3 అడుగులు, అది మేం కళ్లారా చూశాం. జూలై 16న అక్కడ 24 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది, ఇక్కడ శబరి పోవడానికి దారి లేక ఎగదన్ని చింతూరు ఊళ్లోకి వచ్చేసింది, కూనవరం, వీఆర్ పురంలో ఇళ్ల కప్పులు మాత్రమే కనిపించాయి చాలాచోట్ల. కొండ మీదకి టార్పాలిన్లు పట్టుకెళ్లి గొడ్లతో సహా ఉన్నాం. ఆ రోజుల్లో పైన శబరిలో పెద్ద వరదేం కాదు, అంతా గోదావరి పోటే.

ఏది ఎటునుంచి వస్తుందో ఎలా తెలుస్తుంది అంటే, నీళ్ల దగ్గర నిలబడి చూడాలి. పైనుంచి వరదొస్తే నది ఉరుకుతుంది, సుడులు తిరుగుతుంది, దుంగలు, వెదురు బొంగులు, చెత్త కొట్టుకొస్తాయి, చప్పుడు కూడా ఉంటుంది. గోదావరి ఎగదన్నితే చప్పుడుండదు. నీటి మీద నురగ కదలకుండా అక్కడక్కడే తిరుగుతుంటది, ఒక పుల్ల వేస్తే పోదు, చూస్తుంటే మెట్టు తర్వాత మెట్టు మునుగుతుంటది అంతే. బాగా పోటు మీదుంటే నురగ చింతూరు వైపుకే నడుస్తుంది, అంటే నది వెనక్కి పోతున్నట్టే. నాకు ఉరికే వరద కన్నా ఈ నిలబడి పెరిగే నీళ్లే ఎక్కువ భయం, ఎందుకంటే ఉరికేది ఒక రోజులో దిగిపోతుంది, ఇది గోదావరి తగ్గేదాకా దిగదు, వారమైనా ఇళ్లు నీళ్లలోనే నానుతాయి, మట్టి గోడలు అప్పుడే పడతాయి.

రంగు కూడా చూడొచ్చు. వరద తగ్గినాక కూనవరం సంగమం దగ్గర నిలబడితే శబరి తేటగా పచ్చగా ఉంటది, అడవిలోంచి రాళ్ల మీద నుంచి వస్తుంది కదా, గోదావరి ఎర్రగా బురదగా ఉంటది, రెండూ కలవకుండా కొంత దూరం పక్కపక్కనే పోతాయి. వరదలో చింతూరు దాకా ఎర్ర నీళ్లు కనిపించి, నురగ నిలబడి ఉంటే అది గోదావరి ఎక్కినట్టు.

ఇంకో మాట, అన్నీ చెడ్డ మాటలే చెప్పాననుకోవద్దు. ఆ ఒండ్రు వల్లే మా మిర్చి పంట. నీళ్లు దిగినాక ఆ నేలలో కాసే మిర్చి ఇంకెక్కడా రాదని మా నమ్మకం.

తూర్పుతీరం:

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత బాగా చెప్తారని అనుకోలేదు. తమ్ముడికి మొత్తం పంపించాను, వాడు నురగ సంగతి చదివి వెంటనే గట్టుకెళ్లి చూసి "నిలబడే ఉందక్కా" అన్నాడు, భద్రాచలంలో ఆ రోజు మొదటి హెచ్చరిక దాటి ఉందట, సో గోదావరే అని తేలింది.

నాదొక డౌట్ మిగిలిపోయింది. భద్రాచలం కూనవరానికి పైన కదా, శబరి కింద కలుస్తుంది కదా. మరి టీవీలో "శబరి పోటు వల్ల భద్రాచలంలో వరద తగ్గడం లేదు" అని చెప్తుంటారు, కింద కలిసే నది పైనున్న ఊరిని ఎలా ముంచుతుంది? ఇంకోటి, పోలవరం వల్ల ఇది పెరిగిందా లేదా?

జయపురం_తెలుగు:

మీ డౌట్‌కి కొండదారి గారు చెప్తారు లెండి, ఈలోపు పైనుంచి ఒక సంగతి, దీని గురించి ఆంధ్రాలో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. మేం తాతల కాలం నుంచి ఒడిశా జయపురంలోనే ఉంటున్నాం, ఇక్కడ తెలుగోళ్లం చాలామందిమే.

కొలాబ్‌కి ఉత్తరాన ఇంకో పెద్ద నది ఇంద్రావతి కూడా పడమటికే పోతుంది, జగదల్‌పూర్, చిత్రకూట్ జలపాతం అన్నీ దాని మీదే. ఒడిశా ఛత్తీస్‌గఢ్ బోర్డర్ దగ్గర ఈ రెండు నదుల మధ్య పెద్ద ఎత్తేం లేదు, దాదాపు చదును. అక్కడ జోరా నాలా అని ఒక వాగుంది. అది ఒకప్పుడు ఇంద్రావతిలో కలిసే వాగు. ఇంద్రావతికి వరదొచ్చినప్పుడు ఆ నీళ్లు వాగులోకి ఎదురెక్కి, అటునుంచి పొంగి కొలాబ్ వైపు జారిపోవడం మొదలైంది. ఏళ్లు గడిచేకొద్దీ అదే దారి కోసుకుని లోతైపోయింది, ఇప్పుడు ఇంద్రావతి నీళ్లలో పెద్ద వాటా ఆ నాలా పట్టుకుని కొలాబ్‌లోకి, అంటే మీ శబరిలోకి వచ్చేస్తోంది. వేసవిలో జగదల్‌పూర్‌లో ఇంద్రావతి ఎండిపోయి, చిత్రకూట్‌లో నీటి తీగ మాత్రమే మిగిలి అక్కడి జనం గోల పెడుతుంటారు. రెండు రాష్ట్రాలూ ఎన్నో ఏళ్లుగా మాట్లాడుకుంటున్నాయి, సగం సగం పంచేలా నాలా దగ్గర కట్టడం కట్టారు, అయినా ఇసుక మేటలు వేసి గొడవ మళ్లీ మొదటికే వస్తుంది.

ఒక నది ఇంకో నదిని లాగేసుకోవడం అంటే పుస్తకాల్లో వేల ఏళ్ల కిందటి కథలా ఉంటుంది, ఇక్కడ మనుషుల వయసులోనే జరుగుతోంది. దీనివల్ల మీకేంటంటే, ఇంద్రావతి గోదావరిలో కలిసేది భద్రాచలానికి చాలా పైన. ఆ దారిన పోతే ఆ నీళ్లు భద్రాచలం కొలబద్దలో కనిపిస్తాయి. జోరా నాలా మీదుగా శబరిలోకి వచ్చిన నీళ్లు భద్రాచలాన్ని తప్పించుకుని చింతూరు మీదుగా కూనవరం దగ్గర దిగుతాయి.

కొండదారి:

జయపురం గారూ, ఇది నేను క్లాసులో చెప్తాను గానీ అక్కడుండే మనిషి నోట వినడం వేరు, చాలా సంతోషం.

తూర్పుతీరం గారి మొదటి డౌట్. దీనికి పాపికొండలు చూడాలి. గోదావరి ఆదిలాబాద్ నుంచి భద్రాచలం దాకా విశాలంగా వస్తుంది, కొన్నిచోట్ల కిలోమీటరుకి మించిన వెడల్పు. కూనవరం దాటాక తూర్పు కనుమలని కోసుకుని పోవాలి, అక్కడ కొండల మధ్య ఇరుకై కొన్ని వందల మీటర్లకి వచ్చేస్తుంది. బోటులో టూర్ వెళ్లినవాళ్లు అందం చూస్తారు, వరద రోజుల్లో అది గొంతు నొక్కిన చోటు. గోదావరి, శబరి రెండిటి నీళ్లూ ఆ ఇరుకులోంచే పోవాలి. ఒక గంటకి అది పోనిచ్చేదానికన్నా ఎక్కువ వస్తే మిగిలింది వెనక పేరుకుంటుంది. పేరుకోవడం మొదట కూనవరం, వీఆర్ పురం, తర్వాత రెండు వైపులకీ పాకుతుంది, ఒక పాయ శబరి వెంట చింతూరుకి, ఒకటి గోదావరి వెంట పైకి భద్రాచలానికి. నేల చదును కాబట్టి ఆ ప్రభావం అంత దూరం పోగలుగుతోంది. టీవీలో చెప్పేది తప్పు కాదు. గోదావరి తగ్గుముఖం పట్టిన సమయానికి శబరికి వరదొస్తే భద్రాచలంలో అడుగు తగ్గడానికి ఎక్కువ టైం పడుతుంది. రెండూ ఒకేసారి పీక్‌కి వస్తే ఇంక చెప్పక్కర్లేదు. శబరి నీళ్లు భద్రాచలం లెక్కలో ఉండవు, ధవళేశ్వరం లెక్కలో ఉంటాయి, అందుకని మీ కాకినాడ వైపు వాళ్లు భద్రాచలం ఒక్కటే చూసుకుని ధైర్యంగా ఉండకూడదు, కుంట దగ్గర శబరి ఎంత ఉందో కూడా చూడాలి. కేంద్ర జలసంఘం వాళ్ల కొలత కేంద్రం అక్కడుంది, ఆన్‌లైన్లో కనిపిస్తుంది.

పోలవరం. ఇది రాజకీయం కలిసే మాట కాబట్టి మట్టాల వరకే చెప్తాను. పాపికొండలు దాటాక గోదావరి మీద కడుతున్న ఈ డ్యామ్ పూర్తి మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. మొదటి దశ అని చెప్పేది 41.15 మీటర్లు, 135 అడుగులు. ఆ ఎత్తు గీతని మ్యాప్ మీద పెట్టుకుంటూ పైకి పోతే అది గోదావరి వెంటే ఆగదు, కూనవరం దగ్గర శబరిలోకి తిరిగి చింతూరు మీదుగా మోటు, కుంట దాకా, సీలేరు లోపలికి కూడా వెళ్తుంది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అభ్యంతరం అంతా దీని గురించే, గోదావరి నీళ్ల పంపకం తేల్చిన 1980 ట్రిబ్యునల్ అవార్డు నాటి నుంచి ఉంది, ఒడిశా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2014లో ఖమ్మం జిల్లా నుంచి కూనవరం, చింతూరు, వీఆర్ పురం లాంటి మండలాలని ఆంధ్రలో కలిపిందీ ఈ ముంపు గీత కోసమే. 2021 జూన్ నుంచి గోదావరి పాత దారిలో కాకుండా స్పిల్‌వే, అంటే డ్యామ్ గేట్లున్న కట్టడం, మీదుగా పోతోంది. స్పిల్‌వేని 50 లక్షల క్యూసెక్కులకి డిజైన్ చేశారు, దానికి 48 గేట్లు. ఇరుకు కొండల వెనక నీళ్లు పేరుకోవడం పోలవరం లేనప్పుడూ ఉంది, 1986 లెక్కే సాక్ష్యం. కానీ కింద నీళ్లు ఎంత ఎత్తున నిలబడితే శబరి వెనక్కి అంత దూరం వస్తుంది, ఇందులో వాదనకి తావులేదు. నా మట్టుకు నేను అనుకునేది, ఆ మండలాల మనుషులకి డ్యామ్ నిండేలోపే, అడుగు నీళ్లు కూడా రాకముందే, పూర్తి పరిహారంతో కొత్త ఇళ్లు చేతికి రావాలి.

మోతుగూడెం_క్వార్టర్స్:

పాపికొండల మాట విన్నాక ఒకటి కలుపుతాను. పై డ్యాములు పట్టుకునేది సీలేరు నీళ్లు, ఎగువ కొలాబ్ నీళ్లు మాత్రమే. జయపురం కింద నుంచి కుంట దాకా రెండు గట్ల నుంచీ వచ్చి పడే వాగులన్నిటికీ అడ్డు ఏమీ లేదు, జోరా నాలా నీళ్లతో సహా అవి నేరుగా వచ్చేస్తాయి. డ్యాములున్నాయి కదా కంట్రోల్ చేస్తారులే అనుకోవద్దు.

రేఖపల్లి_వాడు:

కొండదారి సార్ ఆఖర్న చెప్పిన మాటకి దండం.

అక్కా, తమ్ముడికి ఇవి చెప్పండి. ఒకటి, చింతూరులో ఉంటే నది ఒక్కటే కాదు, వాగులే ముందు దారి మూస్తాయి. సోకిలేరు, చంద్రవంక, కుయిగూరు వాగు, శబరి ఎగదన్నితే ఇవి రోడ్ల మీదకొస్తాయి, భద్రాచలం వైపు, వీఆర్ పురం వైపు, మోటు వైపు ఏ దారి ముందు మునుగుతుందో లోకల్‌గా ఎవర్ని అడిగినా చెప్తారు. మారేడుమిల్లి ఘాట్ వైపు ఎత్తు కాబట్టి ముంపు భయం తక్కువ, కానీ గట్టి వానకి అటు కొండచరియలు, చెట్లు పడతాయి, రాత్రిపూట వద్దు. రెండు, రూమ్ ఓనర్‌ని 2022లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చూపించమనండి, చాలా ఇళ్లకి ఆ మరక ఇంకా ఉంది. మరక తల పైన ఉంటే జూలై, ఆగస్టు, సెప్టెంబరు మూడు నెల్లూ రూమ్ మార్చుకోవడం మంచిది. మూడు, భద్రాచలం 43 దాటి ఇంకా పెరుగుతోంది అంటే సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్ ఒక బ్యాగులో సర్దిపెట్టుకోవాలి, 48 దాటితే సోకిలేరు రోడ్డెక్కకముందే బండి అవతలికి తెచ్చేసుకోమనండి, తర్వాత నాటు పడవే దిక్కు.